నవ్వని నవ్వులరాయడు

మొన్న ఆదివారం సాయంత్రం పిల్లలతో కూర్చుని ఒక పాత మూకీ చిత్రం చూశాను. 1926 నాటి ‘ది జనరల్’. కథానాయకుడు రైలింజను డ్రైవరు. మనసిచ్చిన పిల్ల కాదు పొమ్మంటుంది. దిగులుగా వెళ్ళి ఇంజను చక్రాలను కలిపే ఇనుప కడ్డీమీద కూర్చుంటాడు. ఇంజను కదులుతుంది. కడ్డీతోపాటు అతడూ పైకి లేస్తాడు, కిందికి దిగుతాడు. ఆ సంగతే అతడికి తెలియదు. పిల్లలు పగలబడి నవ్వారు. నవ్వులు సద్దుమణిగాక మా చిన్నమ్మాయి అడిగింది: “నాన్నా, మనల్ని ఇంతలా నవ్విస్తున్నాడు గదా, తానొక్కసారీ నవ్వడేం?”

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక నాకు భరతముని గుర్తొచ్చాడు. హాస్యం రెండు విధాలన్నాడాయన. తాను నవ్వితే ఆత్మస్థం, ఎదుటివాణ్ణి నవ్విస్తే పరస్థం. బస్టర్ కీటన్ దగ్గర ఉన్నది రెండోదే. మొదటిదాన్ని పసితనంలోనే వదులుకున్నాడు.

అతడు 1895 అక్టోబరు 4న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో పుట్టాడు. తల్లిదండ్రులు ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే నటులు. తండ్రి కొడుకును రంగస్థలంమీద అటూ ఇటూ విసిరి జనాన్ని నవ్వించేవాడు. విసరడానికి పట్టు దొరకాలని కుర్రవాడి దుస్తులకు పెట్టె పిడి ఒకటి కుట్టించారు! పడి లేచి తాను నవ్వితే జనం నవ్వడంలేదనీ, బొమ్మలా మొహం పెట్టుకుంటే విరగబడి నవ్వుతున్నారనీ ఆ పసివాడు కనిపెట్టాడు.

1917లో ఆర్బకిల్ అనే హాస్యనటుడి పక్కన సినిమాల్లో అడుగుపెట్టాడు. 1920 నుంచి సొంత చిత్రాలు. కాగితంమీద కథ ఉండేది కాదు. మొదలూ చివరా కుదిరితే చాలు, నడుమ సంగతి తనవాళ్ళతో కలిసి అల్లుకునేవాడు. ప్రమాదాలకు వెరవలేదు. 1924లో ‘షెర్లాక్ జూనియర్’ తీస్తుండగా రైళ్ళకు నీళ్ళు పట్టే గొట్టం ధారకు పట్టాలమీద పడ్డాడు. అప్పుడు మెడ ఎముక విరిగిందని ఏళ్ళ తరవాత ఎక్స్‌రేలో బయటపడింది! 1928 నాటి ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో రెండు టన్నుల ఇంటి ముందుగోడ నిజంగానే అతనిమీద కూలుతుంది. నిలబడ్డచోటికి సరిగ్గా కిటికీ ఖాళీ వచ్చింది గనక బతికాడు. కాస్త అటూ ఇటూ అయితే అదే ఆఖరి చిత్రం.

గోడ చెయ్యలేని పని ఒక కాగితం చేసింది. అతని నిర్మాత జోసెఫ్ షెంక్ వరసకు తోడల్లుడు. ఆయన మాటమీద 1928లోనే ఎమ్.జి.ఎమ్. కంపెనీతో ఒప్పందం రాసుకున్నాడు. చాప్లిన్ వద్దన్నాడు, హెరాల్డ్ లాయిడ్ వద్దన్నాడు. జీతం వారానికి 3000 డాలర్లు. కాని కథ ఇంకొకరిది, నిర్ణయం మరొకరిది. చెప్పినచోట నిలబడి చెప్పిన మాట పలకాలి. అల్లుకునే మనిషికి అంతకంటే శిక్ష ఏముంది? తాగుడుకు లోబడ్డాడు. 1932లో భార్య విడిపోయింది. 1933లో కంపెనీ సాగనంపింది. కొన్నాళ్ళకు అదే కంపెనీలో, వారానికి 100 డాలర్లకు, ఇతర నటులకు హాస్య ఘట్టాలు కల్పించి ఇచ్చే పనిలో చేరాడు!

ఇక్కడితో కథ అయిపోతే విషాదమే. అయిపోలేదు. 1940లో ఎలినార్ నారిస్‌ను పెళ్ళాడాడు. ఆమె చివరిదాకా తోడునిలిచింది. 1949లో జేమ్స్ ఏజీ అనే విమర్శకుడు ‘లైఫ్’ పత్రికలో మూకీ హాస్యాన్ని గురించి రాసి అతణ్ణి లోకానికి మళ్ళీ గుర్తుచేశాడు. అతని పాత ఇల్లు కొన్న నటుడు జేమ్స్ మేసన్‌కు అక్కడే మరుగునపడివున్న చిత్రాల రీళ్ళు దొరికాయి. 1960లో ప్రత్యేక ఆస్కారు. 1965లో వెనిస్ ఉత్సవంలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మరుసటేడు, 1966 ఫిబ్రవరి 1న కన్నుమూశాడు.

పడినవాడు చుట్టూ చూసి నవ్వితే మన మెప్పు అడుగుతున్నాడన్నమాట. ఏడిస్తే జాలి అడుగుతున్నట్టు. కీటన్ ఆ రెండూ అడగలేదు. తెరమీదా అంతే, ఆ 100 డాలర్ల కొలువులోనూ అంతే.

మా అమ్మాయికి ఇంత కథ చెప్పలేదు. “ఆయనకు నవ్వే తీరిక లేదమ్మా, లేచి నిలబడే పనిలో ఉన్నాడు” అన్నాను. అది ఒక్క క్షణం ఆలోచించి, ఆ ఇంజను ఘట్టం మళ్ళీ పెట్టమంది.