రైతు ఇంటికి పంపండి

2025లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్ 24న బడులకు వేసవి సెలవులు మొదలైతే, మళ్లీ గంట మోగింది జూన్ 12న. ఏడు వారాలు! తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో ఈ ఏడు వారాలూ గడిచేదెలా అన్నదే బెంగ. ఒకప్పుడు అమ్మమ్మగారి ఊరు ఆ భారం మోసేది. ఇప్పుడు చాలామంది పిల్లలకు అమ్మమ్మ ఉంది గానీ ఊరు లేదు. ఆవిడా ఏదో అపార్ట్‌మెంట్‌లోనే ఉంటోంది. అందుకే హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు తోటల్లో చిన్నపిల్లల వేసవి శిబిరాలు నడుస్తున్నాయి. వీటిలో ఒక్క రకాన్నే నేను గట్టిగా సమర్థిస్తాను. తన పొలంలోనే కాపురముండి సాగుచేసుకునే కుటుంబం, పదిపదిహేను మంది పిల్లల్ని తమ పనుల్లో కలుపుకొని నడిపే శిబిరం అది.

అక్కడ పాలు పితికే వేళ చూడండి. ముందు దూడను వదులుతారు. అది ఉరికొచ్చి పొదుగును కుమ్ముతుంది. నాలుగు గుక్కలు తాగేసరికి ఆవు చేపుతుంది. అప్పుడు దూడను లాగి పక్కన కట్టేసి, చెంబు పట్టుకుని కూర్చుంటారు. గుంజ దగ్గర అది అరుస్తుంటే ఐదేళ్ల పిల్ల ఊరుకోదు, ‘మరి దానికో?’ అని నిలదీస్తుంది. ఆ ఇల్లాలు ఒక చన్ను పితక్కుండా దూడకు వదిలేసి లేస్తుంది. ఎవరి పాలు ఎవరు తాగుతున్నారో ఆ పిల్లకు ఇంకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

మే నెలంటే మామిడి కోత. పెద్దాయన దోటితో బంగినపల్లి కాయను ముచ్చికతో సహా కోస్తాడు. చిక్కంలోంచి తీసి గంపలో సర్దడం పిల్లల పని. ముచ్చిక ఊడితే సొన చిమ్ముతుంది, ఒంటిమీద పడితే మండుతుంది, పొక్కుతుంది. కాయమీద పడితే మచ్చ కడుతుంది. అందుకని కాయల్ని బోర్లించి సొన కారనిచ్చాకే వరిగడ్డిలో మాగేస్తారు. సోమవారం గడ్డిలో పెట్టిన కాయను పిల్లలు రోజూ తడిమి చూస్తారు, వాసన చూస్తారు. శనివారానికి గది గుప్పుమంటుంది. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడాన్ని మన చట్టం నిషేధించింది. ఎందుకు నిషేధించాల్సి వచ్చిందో, కాయకు దాని టైము ఎందుకివ్వాలో ఆ వారమంతా కాచుకున్న పిల్లలకు చెబితే ఇట్టే అర్థమవుతుంది.

‘రైలుబడి’గా తెలుగులోకి వచ్చిన టోటోచాన్ పుస్తకం చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. టోక్యోలోని తొమోయే బడిలో కొబయాషి మాస్టారు ఒక రైతును పిలుచుకొచ్చి, ఈయనే మీకు సేద్యం టీచరని పిల్లలకు పరిచయం చేస్తాడు. 1937 నుంచి 1945 దాకా నడిచిన బడి అది. రైతు కుటుంబం నడిపే శిబిరాల బలమూ ఇదే. నేర్పేవాళ్లు ఆ పనిమీదే బతుకుతున్నవాళ్లు. వానొస్తే వాళ్ల మొహం ఎలా వెలిగిపోతుందో, గాలిదుమారానికి కాయ రాలితే ఆ పూట ఇల్లెలా ఉంటుందో పిల్లలు కళ్లారా చూస్తారు.

తోటను అద్దెకు తీసుకుని ఈవెంట్ల వాళ్లు పెట్టే శిబిరాల్లో ఇది దొరకదు. అక్కడ డీజే, రెయిన్ డ్యాన్స్, ట్రాక్టర్ మీద ఒక చుట్టు, ఫొటోలు! మండు వేసవిలో పక్క చేనుకు తడి అందక రైతు ఆకాశం చూస్తుంటే, బోరు నీళ్లను పిల్లల నెత్తిన పోసి ఆడించడం తప్పు. అది ప్రకృతి పాఠమని పిల్లలకు చెప్పడం ఇంకా తప్పు.

కుటుంబం నడుపుతోంది కదా అని కళ్లు మూసుకుని నమ్మమనీ నేను అనను. బావులు, నీటికుంటలు ఏటా వేసవిలో ఎందరు పిల్లల్ని మింగుతున్నాయో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. పురుగుమందు డబ్బాలు పిల్లలకు అందే చోట ఉండకూడదు. ఉదయం పది దాటితే ఎండలో తిప్పకూడదు. 2009లో ఇంగ్లండ్‌లోని గాడ్‌స్టోన్ ఫామ్‌లో పశువుల్ని తాకడంతో మొదలై మొత్తం 93 మందికి ఈ-కొలి బ్యాక్టీరియా సోకింది, ఎక్కువమంది పదేళ్లలోపు పిల్లలే. దూడను నిమిరిన చేతుల్ని అన్నానికి ముందు సబ్బుపెట్టి పారే నీళ్లలో కడిగించాలి. శానిటైజర్ చుక్కతో సరిపెడితే కుదరదు.

ఇలాంటి శిబిరాలు నడిపే కుటుంబాలకు ఒక విన్నపం. మీ తోటలో కూలికి వచ్చేవాళ్ల పిల్లలు గట్టుమీద కూర్చుని ఇదంతా చూస్తుంటారు. వాళ్లనూ రుసుము లేకుండా చేర్చుకోండి. కాయ కోతలోనూ పశువుల దగ్గరా పట్నం పిల్లలకు వాళ్లే దారి చూపిస్తారు. ఇంకొకటి, మేలో పిల్లలు విత్తిన బెండ జూలైకి కాపుకొస్తుంది. ఆ కాయలు కోసుకోవడానికి వాళ్లను మళ్లీ పిలవండి.

తల్లిదండ్రులు డబ్బు కట్టేముందు ఒక ఆదివారం స్వయంగా వెళ్లి రండి. బావికి కంచె ఉందో లేదో, చేతులు కడిగే చోటెక్కడో చూడండి. ఆ కుటుంబం అక్కడే ఉంటుందా, ఆ పొలం వాళ్లే దున్నుతారా అని అడగండి. కాదంటే ఇంకో చోటు వెతకండి.