ఇంటిబండికి క్రొత్త టైరులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కాపురముండు సోదరి యొకరు మాకు జాబు వ్రాసిరి. ఆ దేశమున మోటారు వెనుక తగిలించి లాగుకొనిపోవు చక్రముల యిండ్లు కలవు. వానిని ట్రావెల్ ట్రయిలరు లందురు. పొయ్యి, మంచములు, స్నానపుగది, నీటితొట్టి అన్నియు నందే యుండును. సోదరి దంపతులు పాత ట్రయిలరు నొకదానిని కొని, వేసవి సెలవులలో పిల్లలతో యెల్లోస్టోన్ వనమునకు పోదలంచిరి. “టైరులు చూచుటకు క్రొత్తవానివలెనే యున్నవి. గాట్లు అరుగలేదు. ఈ యేడు వీనితోనే పోవుదమని మావా రనుచున్నారు. నాలుగు టైరుల వెల మిగిలినచో ప్రయాణపు ఖర్చునకు కలిసివచ్చును గదా! మీరేమందురు?” అని వారి ప్రశ్న.

మన పాఠికలలో ననేకుల కూతుండ్రును కోడండ్రును ఆ దేశమున నున్నారు. కావున ఈ మాసము దీనినే ముచ్చటింతుము.

మా యభిప్రాయమును ముందే చెప్పుదుము. ట్రయిలరు టైరును కంటితో చూచి నమ్మరాదు. నిత్యము తిరుగు కారు టైరు అరిగి చెడును. ఏడాదిలో పెక్కునెలలు ఒకేచోట నిలిచియుండు ట్రయిలరు టైరు అరుగకయే ముసలిదగును. ఎండయు గాలియు రబ్బరును గట్టిపరచి పెళుసు చేయును. రబ్బరును కాపాడుటకై కలిపిన మందులు టైరు దొర్లుచున్నప్పుడే పైకి వచ్చుచుండును. నిలిచియున్న టైరునకు ఆ రక్షణయు తక్కువ. అందుచేత గాట్లు నిండుగా నున్నను లోపలి బలము క్షీణించియుండును. సీసాపై తేదీ చూడక రంగు చూచి పిల్లలకు మందు పోయుదుమా?

టైరునకును తేదీ కలదు. దాని ప్రక్కభాగమున డి.ఓ.టి. అను నక్షరములతో మొదలగు సంఖ్య యుండును. అందలి చివరి నాలుగంకెలలో మొదటి రెండును వారమును, తరువాతి రెండును సంవత్సరమును తెలుపును. ఈ సంఖ్య పూర్తిగా ఒక ప్రక్కనే యుండవచ్చును. వెలుపల కానరానిచో వంగి లోపలి ప్రక్కను చూడవలెను. సోదరి పంపిన ఛాయాచిత్రమున 2317 అని యున్నది. అనగా నవి 2017వ సంవత్సరమున 23వ వారమున తయారైనవి. ట్రయిలరు టైరులను అరిగినను అరుగకున్నను 5, 6 సంవత్సరములకు మార్చుట మంచిదని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఇవి ఆ గడువును దాటి చాలకాలమైనది.

ఇక క్రొత్తవానిని ఎన్నుకొను విధము. కారు టైరు చౌకయని అంగడివాడు చెప్పినను కొనరాదు. ట్రయిలరునకు ఎస్.టి. అను నక్షరములుగల టైరులు ప్రత్యేకముగా కలవు. బరువును మోయుటకును, బండి ప్రక్కలకు ఊగకుండుటకును వీని ప్రక్కభాగములను గట్టిగా చేయుదురు. ఏ కొలత టైరు కావలయునో ట్రయిలరు వెలుపల అంటించిన పలకపై వ్రాసియుండును.

కొలత యొకటే యైనను మోయు శక్తి యొకటి కాదు. సోదరి ట్రయిలరు టైరులు ఎస్.టి. 205/75 ఆర్ 14 కొలతవి. ఇందు ‘సి’ తరగతి టైరు 50 పౌండ్ల గాలితో 1,760 పౌండ్ల బరువును, ‘డి’ తరగతి టైరు 65 పౌండ్ల గాలితో 2,040 పౌండ్ల బరువును మోయును. వారి ట్రయిలరు నిండుబరువు 7,000 పౌండ్లు. ఇందు నూటికి 10 మొదలు 15 పాళ్లు ముందరి మోటారుపై పడును. అప్పుడు ‘సి’ తరగతి నాలుగు టైరులును చాలునని తోచవచ్చును. కాని బరువు నాలుగు చక్రములపై సమముగా పడదు. పొయ్యియు శీతలపేటికయు నున్న ప్రక్క అధికముగా మొగ్గును. 40 గ్యాలనుల నీరే 330 పౌండ్లకు మించును. బియ్యము, పప్పు, పచ్చళ్లు ఎచ్చట సర్దుదుమో మనకు తెలియనిది కాదు. కావున ‘డి’ తరగతినే కొనుడని మా సలహా. ఐతే రిమ్మును వాల్వును 65 పౌండ్ల గాలికి తగినవేనా యని విచారింపవలెను. ‘డి’ టైరు కొని 50 పౌండ్ల గాలియే నింపినచో అధికముగా ఇచ్చిన వెల వ్యర్థమే.

నాలుగును ఒకే విధమైనవిగా నుండవలెను. స్టెప్నీని మరువరాదు, దానికిని వయస్సు కలదు. క్రొత్తటైరు కొనునపుడుకూడ తేదీని చదివి, అంగడిలో ఏండ్లతరబడి పడియున్నదానిని నిరాకరింపవలెను. చక్రములు బిగించిన పిమ్మట 50 మైళ్లు పోయి నట్లను మరల సరిచూడవలెను. గాలిని ఉదయమున, బండి కదలకముందే కొలువవలెను. దారిలో టైరు వేడెక్కి గాలి పెరిగినదని తీసివేయరాదు. వేగము టైరుపై వ్రాసిన హద్దును దాటరాదు. లారీలు ఆగుచోట్ల తూనిక లుండును. సామానులు సర్ది, నీరు నింపి, ఒకమారు తూచుకొన్నచో సందేహము తీరును.

టైరు పగిలినచో దానితో పోదు. ఊడిన రబ్బరుపట్టీలు కొరడాలవలె కొట్టి బండి యడుగును, నీటిగొట్టములను, విద్యుత్తీగలను చీల్చును. రెండిరుసుల బండిలో ఆ ప్రక్కనున్న రెండవ టైరుపై బరువంతయు పడి అదియు పాడగును. ముందున్న మోటారులో మన పిల్లలుందురు. నాలుగు టైరుల వెల ఆదా చేయుట యనగా దీనికి సిద్ధపడుటయే.

సోదరీ! మీవారితో వాదమేల? ఇరువురును కలిసి ఆ నాలుగంకెలను చదువుడు. ఈ వేసవికి ధనము చాలనిచో ప్రయాణమును వాయిదా వేయుడు, టైరులను కాదు. యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గలు వచ్చు నేటికిని అచ్చటనే యుండును.

ఇచ్చటి తల్లులకొక మాట. అమ్మాయి దూరప్రయాణమునకు బయలుదేరుచున్నానని ఫోనులో చెప్పినపుడు, “దారికి అన్నము కట్టుకొంటివా?” అని అడుగుట మనకు వాడుక. ఇకమీదట, “టైరుల తేదీ చూచితిరా?” అనికూడ అడుగుడు.