తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?



1993 సెప్టెంబరు 30. ముందు రోజు గణపతి నిమజ్జనం చేసి, అలసిపోయి జనం నిద్రలో ఉన్నారు. తెల్లవారుజామున 4 గంటలకు కొద్ది నిమిషాల ముందు భూమి కదిలింది. షోలాపూర్‌లో మనం పిల్లలను ఎత్తుకుని వీధుల్లోకి పరుగెత్తాం. లాతూర్ జిల్లా కిల్లారిలోనూ, ఆ చుట్టుపక్కల గ్రామాల్లోనూ పరుగెత్తే వ్యవధి లేకపోయింది. రాతిగోడలు, బరువైన మట్టి కప్పులు నిద్రిస్తున్నవారి మీదే కూలాయి. దాదాపు 10 వేలమంది చనిపోయారు.

2025 మే 18. అదీ తెల్లవారుజామే. మన షోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లోని ఒక టవల్ కార్ఖానాలో మంటలు లేచాయి. అక్కడే నివాసముంటున్న యజమాని, ఆయన కుటుంబీకులు, కార్మికులు మొత్తం 8 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఏడాదిన్నర పసివాడు కూడా ఉన్నాడు. మంటకు యజమాని ఎవరో, కార్మికుడు ఎవరో తెలియదు.

ఈ రెండు ఆపదల కారణాలు వేరు. కాని రెండూ మనకు ఒకే మాట చెబుతున్నాయి. అధికారులు, సైన్యం, అగ్నిమాపక దళం ఎంత త్వరగా బయలుదేరినా కొంత సమయం పడుతుంది. ఆ మొదటి గడియలో మన పక్కన ఉండేది పొరుగింటివాడు, పక్క సాంచె మీది కార్మికుడు. వారికి ఏం చేయాలో ముందే తెలిసి ఉంటే కొన్ని ప్రాణాలైనా దక్కుతాయి.

ఇక్కడ మా తప్పు మేము ఒప్పుకోవాలి. 2025 ప్రమాదం తర్వాత మన సంఘం సంతాప సభ జరిపింది. మౌనం పాటించాం, తీర్మానం చేశాం. ఆ సభలో ఒక యువ కార్మికుడు లేచి, “మన సభ్యులు రాత్రి పడుకునే షెడ్లు ఎన్ని? వాటిలో రెండో తలుపు ఎన్నింటికి ఉంది?” అని అడిగాడు. వేదిక మీద ఉన్న మా ఎవరి దగ్గరా జవాబు లేదు. బోనస్ లెక్క పైసలతో సహా చెప్పగల సంఘానికి ఈ లెక్క తెలియకపోవడం సిగ్గుచేటు.

దానధర్మాలలో మన తెలుగువారు వెనుకబడినవారు కారు. ఎక్కడ ఆపద వచ్చినా కుల సంఘాలు, గణపతి మండళ్ళు, మహిళా పొదుపు సంఘాలు చందాలు వసూలు చేస్తాయి. అయితే ఎవరి బ్యానరు వారిది, ఎవరి లారీ వారిది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నాగపట్నం ప్రాంతంలో ఏం జరిగింది? దేశమంతటి నుంచి వచ్చిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి తడిసిపోయాయి. బట్ట నేసే చేతులకు ఇంతకంటే బాధ ఏముంటుంది? అడగకుండా పంపిన సాయం అక్కడివారికి బరువైంది.

మన పేటల్లో జరిగింది కూడా చూద్దాం. 2020 లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగినప్పుడు మనమూ బియ్యం, పప్పు పంచాం. కొన్ని ఇళ్ళకు మూడు సంస్థల సంచులు అందాయి. పక్క సందులో అద్దెకుండే బదిలీ కార్మికుని ఇంటికి ఒక్కటీ అందలేదు. అతని పేరు ఏ జాబితాలోనూ లేదు.

ఏర్పాట్లు చేయడం మనకు చేతకాక కాదు. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయ రథోత్సవానికి ఎవరు ఎక్కడ నిలబడాలో, నీళ్ళు ఎవరు ఇవ్వాలో నెలరోజుల ముందే నిర్ణయించుకుంటాం. ఆ పద్ధతే ప్రాణరక్షణకూ కావాలి. అందుకని కార్యవర్గం ఈ పనులు నిశ్చయించింది.

మొదటిది, వీధివారీ జాబితా. మంచం పట్టిన వృద్ధులు, గర్భిణులు, అద్దెకున్నవారు, షెడ్లలో పడుకునేవారు ఎవరెవరో రాయాలి. ఈ పని బీడీలు చుట్టే మన అక్కచెల్లెళ్ళకు అప్పగిస్తున్నాం. ప్రతి గడపా వారికే తెలుసు. జాబితా తెలుగులోనూ మరాఠీలోనూ ఉంటుంది.

రెండవది, షెడ్ల తనిఖీ. మెయిన్ స్విచ్ ఎక్కడుందో రాత్రి షిఫ్టులో అందరికీ తెలియాలి. కరెంటు తీయకుండా నీళ్ళు చల్లరాదు. వైర్ల మీద పేరుకున్న దూది నూగు వారం వారం దులపాలి. పొగ కమ్మితే నేలకు వంగి బయటికి రావాలి. 101, 108, 112 నంబర్లు గోడమీద పెద్ద అక్షరాలతో రాయాలి.

మూడవది, ఆపద నిధి. డబ్బు బ్యాంకులో ఇద్దరి సంతకాలతో ఉంటుంది. లెక్క ప్రతి సర్వసభ్య సమావేశంలో చదువుతాం. బయటి ఊరికి సాయం పంపే ముందు అక్కడివారిని అడిగి, కావలసినదే పంపుతాం.

నాలుగవది, అన్ని సంఘాలతో వానాకాలానికి ముందే ఉమ్మడి సమావేశం. మేమే వారి గడపకు వెళ్తాం. బ్యానరు ఎవరిదైనా మాకు అభ్యంతరం లేదు.

1948 ఫ్యాక్టరీల చట్టం 38వ సెక్షన్‌లోనే, మంటలు వస్తే అందరూ బయటపడే మార్గం ఉండాలని, అది కార్మికులకు తెలిసి ఉండాలని రాశారు. తర్వాత చట్టాలు మారాయి, కోడ్‌లు వచ్చాయి. మన షెడ్లకు తలుపు మాత్రం చాలాచోట్ల ఒక్కటే. సరుకు దొంగలపాలవుతుందని దానికీ బయటినుంచి తాళం వేసే యజమానులున్నారు. సరుకు పోతే మళ్ళీ నేసుకోవచ్చు. ఈ మాట అడిగితే పని పోతుందని భయపడే సోదరులకు మా విజ్ఞప్తి: ఒంటరిగా అడగవద్దు, సంఘం అడుగుతుంది. మీరు నిజం చెప్పండి చాలు.

మన కార్యకర్తలు త్వరలో మీ షెడ్డుకు వస్తారు. చందా అడగరు. ఒకే ప్రశ్న అడుగుతారు: రాత్రిపూట తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? “లోపల, మా దగ్గరే” అని ప్రతి షెడ్డూ చెప్పేవరకు ఈ పని ఆగదు.