ఫ్యాను రెక్కల మీద పేర్లు

మన చర్చిల్లో సీలింగు ఫ్యాను రెక్కల మీద ఎర్ర రంగుతో రాసిన అక్షరాలు మీరు చూసే ఉంటారు. ఒక రెక్క మీద దాత పేరు, ఒకదాని మీద ఊరు, మూడోదాని మీద ‘దేవుని మహిమార్థం’. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ గాలి తగులుతుందే తప్ప పేరు కనపడదు. కరెంటు పోయిందా, చెమటలు తుడుచుకుంటూ అందరం తలెత్తి చదువుతాం. గుళ్లలో బండల మీద, బళ్లలో బీరువాల మీద పేర్లుండవా అంటే, ఉంటాయి. కానీ కుడిచేయి చేసే ధర్మం ఎడమచేతికి కూడా తెలియనివ్వొద్దన్న యేసు వెనక నడుస్తున్నామని చెప్పుకునేవాళ్లకి ఆ మూడో రెక్క కాస్త ఇబ్బంది పెట్టాలి.

ఫ్యాను ఇచ్చినాయన పాపం చిన్న దోషి. ఉజ్జీవ సభలకి సెంటర్లో లేచే ఫ్లెక్సీ ముందు ఆయన లెక్కలోకే రాడు. సూటు వేసుకుని చేయెత్తిన దైవజనుడు నిలువెత్తున, పక్కన అమ్మగారు, కింద తపాలా బిళ్లల్లా కమిటీ పెద్దల ఫోటోలు. పై మూలన మేఘాల్లో చిన్నగా యేసు. అడుగున ‘సమస్త మహిమ ప్రభువుకే’. ఆ చివరి ముక్క ఒక్కటి తీసేసినా నాకింత బాధ ఉండదు. పొగడ్త కోరుకోవడం మనిషి గుణం. దాన్ని దేవుడి ఖాతాలో రాయడమే అన్యాయం.

సాక్ష్యాల తీరూ అంతే. ‘నాదేం లేదండీ, అంతా ఆయనే చేశాడు’ అని మొదలవుతుంది. తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగాం, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చాం, ఎన్ని మందిరాలు కట్టాం అన్న చిట్టా. ఆయన చేసిందేమిటో చివరిదాకా తెలియదు.

దండ మెడలో పడేముందు ప్రతి ప్రసంగీకుడూ చదవాల్సింది అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం. లుస్త్రలో పుట్టుకుంటివాడొకడు లేచి నడిచేసరికి, దేవతలే మనుషుల రూపంలో దిగొచ్చారని జనం తమ లుకయోనియ భాషలో కేకలు పెట్టారు. బర్నబాని ద్యుపతి అన్నారు. మాట్లాడేవాడు పౌలు కాబట్టి ఆయన్ని హెర్మే అన్నారు. పూజారి ఎడ్లనీ పూలదండలనీ గుమ్మం దాకా తోలుకొచ్చాడు. వీళ్లిద్దరూ బట్టలు చింపుకుని జనంలోకి పరుగెత్తి, మేమూ మనుషులమే మొర్రో అని మొత్తుకుంటే గానీ బలి ఆగలేదు. ఆ తర్వాత ఆ జనమే, అంతియొకయ, ఈకొనియల నుంచి వచ్చినవాళ్ల మాటలు విని పౌలుని రాళ్లతో కొట్టి, చచ్చాడనుకుని ఊరవతలికి ఈడ్చేశారు.

రెండు అధ్యాయాలు వెనక్కి వెళితే హేరోదు కనిపిస్తాడు. కైసరయలో రాజవస్త్రాలతో పీఠమెక్కి ఉపన్యాసమిస్తే, ఇది మనిషి గొంతు కాదు దేవుడిదని జనం అరిచారు. ఆ రోజు ఆయన తొడుక్కున్నది వెండితో నేసిన వస్త్రమనీ, పొద్దుటి ఎండకి ధగధగలాడిందనీ యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. హేరోదు తానే దేవుణ్నని అనలేదు. కాదనీ అనలేదు. లూకా చెప్పిన నేరం ఆ మౌనమే, పురుగులు పడి చచ్చాడని రాశాడు. మన వేదికల మీద ‘ఈ తరం పౌలు’ అని మైకులో పొగుడుతుంటే శాలువా సర్దుకుంటూ నవ్వే పెద్దలకి ఈ రెండు అధ్యాయాలూ కలిపి చదివి వినిపించాలి.

అలాగని మంచిపని చాటుగానే చేయాలా? కొండమీది ప్రసంగంలోనే, దీపాన్ని కుంచం కింద పెట్టొద్దు, మీ మంచి పనులు చూసి జనం తండ్రిని మహిమపరచాలి అంటాడు యేసు. కాసేపటికే, ధర్మం చేస్తూ ముందు బూర ఊదించుకోవద్దంటాడు. రెంటికీ పొత్తు కుదరదనిపిస్తుంది. నా మటుకు చూడాల్సింది ఒకటే. ఆ పని చూసినవాడు ఇంటికెళ్లి ఎవరి గురించి మాట్లాడతాడు?

నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి సంగతి తీసుకోండి. స్కాట్లాండు నుంచి వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కలిసి 1915 ప్రాంతంలో దాన్ని నిలబెట్టారు. డబ్బిచ్చి ఆదుకున్నది నర్సాగౌడ్ అనే హిందూ ధనికుడు. పేరు మాత్రం విక్టోరియా రాణిది పెట్టారు, ఆ కాలపు మర్యాద అలాంటిది. ఊరు వెలేసిన రోగులు అక్కడికి చేరేవాళ్లు. వాళ్ల పుళ్లు కడిగి కట్లు కట్టేవారు, చాల్‌మూగ్రా రకం నూనె ఇంజెక్షన్లు ఇచ్చేవారు. ఇది దాచి చేసిన పని కాదు, బోర్డు పెట్టి నడిపిందే. అయినా కట్టు కట్టేటప్పుడు చూపు పుండు మీదే ఉండాలి, ఫోటో వైపు తిరిగితే కట్టు వదులవుతుంది.

‘నేను’ అనేదాన్ని పూర్తిగా చంపేసుకోవాలన్న వాదన కూడా నాకు నచ్చదు. జర్మన్ సంగీతకర్త బాక్ తన స్వరప్రతుల చివర ఎస్.డి.జి. అని మూడక్షరాలు రాసేవాడు, మహిమ దేవుడొక్కడికే అని భావం. ఆయనే 1730లో మిత్రుడికి ఉత్తరం రాస్తూ, లైప్జిగ్‌లో గాలి బాగుండి చావులు తగ్గాయనీ, అంత్యక్రియల మీద వచ్చే రాబడి నూరు థాలర్ల పైన పడిపోయిందనీ వాపోయాడు. ఏడుగురు పిల్లలున్న ఇల్లు మరి! సాధువులా నటించలేదు గానీ సంగీతం దగ్గర రాజీ పడలేదు. మనలో చాలామంది దీనికి తలకిందులు.

హైదరాబాదులో హెబ్రోను అనే మందిరం నుంచి పనిచేసిన సువార్తికుడు భక్త్‌సింగ్ సంఘాలకి తన పేరు పెట్టుకోలేదు. హెబ్రోను, ఏలీము అని బైబిలు పేర్లు పెట్టారు, తనని ‘బ్రదర్’ అంటే చాలన్నారు. జనం ఇప్పటికీ వాటిని భక్త్‌సింగ్ సంఘాలనే పిలుస్తారు. అది ఆయన తప్పు కాదు.

క్రిస్మస్ దగ్గరపడితే ఫ్లెక్సీ షాపులకి గిరాకీ మొదలవుతుంది. సంఘ కమిటీలకి నా మనవి ఒకటే. కూటం ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఎక్కడ అన్నంతవరకు అచ్చు వేయించండి. ఫోటోలు వద్దు, బిరుదులు అసలే వద్దు. ఫోటో లేదని అలిగి ప్రసంగీకుడు రాకపోతే, ఆ పూట వాక్యం మీ సంఘంలో పెద్దాయనెవరైనా చదివితే సరిపోతుంది.