న్యాయపీఠమును వీడిన సుబ్బారావుగారు

మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరియున్న దినములలో, 1954 జులై 5వ తేది మొదలు 1956 వఱకు, ఇచ్చటి కక్షిదారులకు హైకోర్టు గుంటూరుననే యుండెను. గిద్దలూరున రైలెక్కినవారు ఆ మార్గముననే గుంటూరు చేరుచుండిరి. ఆ న్యాయస్థానమునకు ప్రథమ ప్రధానన్యాయమూర్తి, 1902లో రాజమహేంద్రవరమున జన్మించిన శ్రీ కోకా సుబ్బారావుగారు. వారు 1958లో సుప్రీముకోర్టున కేగి, 1966 జూన్ 30న భారత ప్రధానన్యాయమూర్తి యైరి.

మన భూస్వాములు వారిని స్మరించునది గోలక్‌నాథ్ తీర్పునుబట్టి. ప్రాథమికహక్కులను హరించు నధికారము పార్లమెంటునకు లేదని 1967 ఫిబ్రవరి 27న పదునొకండుగురిలో ఆర్గురు న్యాయమూర్తులు నిర్ణయించిరి. ఆ పక్షమున ప్రధానమైన తీర్పు సుబ్బారావుగారిది. కాని ఆ సూత్రము ఇకముందు చేయు సవరణలకే వర్తించునని, అమెరికా న్యాయస్థానముల పద్ధతి ననుసరించి, వారు చెప్పిరి. కనుక పంజాబులోని గోలక్‌నాథ్ కుటుంబమునకు భూమి దక్కలేదు. ఈ సంగతిని మనవారు తఱచు మఱచుచుందురు!

మా దృష్టిలో వారి 1962 నాటి భిన్నాభిప్రాయము అంతకంటె గొప్పది. ఖరక్ సింగ్ అను నుత్తరప్రదేశవాసిని దోపిడికేసులో సాక్ష్యము లేక విడిచిపెట్టియు, పోలీసువారు నిఘాపుస్తకమున కెక్కించి అర్ధరాత్రి తలుపు తట్టుచుండిరి. పల్లెలలో "కేడీ" యని ముద్రపడినవాని యవస్థ మా పాఠకులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఆర్గురు న్యాయమూర్తులలో నలుగురు రాత్రి సోదాలను మాత్రము కొట్టివేసి, తక్కిన నిఘాను నిలువనిచ్చిరి. సుబ్బారావుగారును, షాగారును నిఘా యంతయు రాజ్యాంగవిరుద్ధ మనిరి. తన యింట తాను నెమ్మదిగ నుండు హక్కు వ్యక్తిస్వాతంత్ర్యములోనిదే యని వారి వాదము. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ దానినే స్థిరపఱచిరి.

ఇట్టివారు 1967 ఏప్రిల్ 11న, పదవీకాల మింకను మిగిలియుండగనే, రాజీనామా యొసగి ప్రతిపక్షముల యభ్యర్థిగా రాష్ట్రపతి యెన్నికలో నిలిచి, జాకీర్ హుస్సేనుగారి చేత నోడిరి. అమెరికాలో 1916లో చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ కూడ ఆజీవనమైన సుప్రీముకోర్టు పదవిని వదలి అధ్యక్షపదవికి పోటీచేసి ఓడెను. ఆయన 1930లో ప్రధానన్యాయమూర్తియై తిరిగి రాగలిగెను; మనవారి కట్టి యవకాశము లేకపోయెను. సుబ్బారావుగారి చిత్తశుద్ధిని మేము శంకింపము. అయినను గోలక్‌నాథ్ తీర్పు వెలువడి నెలన్నర నిండకమునుపే ఎన్నికకు దిగి, ఆ తీర్పును నిందించువారికి వారే యాయుధము నందిచ్చిరి.

సుప్రీముకోర్టు న్యాయమూర్తి పదవి విడిచిన పిమ్మట దేశమున నే న్యాయస్థానమునను వాదింపరాదని రాజ్యాంగము 124వ అధికరణము నిషేధించుచున్నది. ఓట్లడుగుటకు మాత్రము అడ్డులేదు! కనీసము రెండేండ్ల గడువైనను విధించుచు పార్లమెంటు శాసనము చేయవలయునని మేము కోరుచున్నాము.