ఖుదాను అడిగిన ఇజాజత్

ఇండోనేషియాలో పశ్చిమ జావా. అందులో గారుత్ అనే జిల్లా, దానిలో సింగాజయ అనే పల్లె. 2014లో అక్కడి ఇస్లామీ స్కూల్లో చదివే ముగ్గురు అమ్మాయిలు కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు. మార్స్యా గిటారు పట్టుకుని పాడుతుంది, విదీ బేస్ గిటారు, సితీ డ్రమ్స్. పేరు 'వాయిస్ ఆఫ్ బాచెప్రోట్'. బాచెప్రోట్ అంటే వాళ్ళ మాతృభాష సుందనీస్‌లో గోల, వదరుబోతుతనం. పెద్దవాళ్ళు ఆడపిల్లల్ని తిట్టే మాటనే పేరుగా పెట్టుకున్నారన్నమాట. ఆ తెలివి నాకు నచ్చింది.

వాళ్ళు వాయించేది హెవీ మెటల్. వాళ్ళ పాటల్లో ఒకదాని పేరు 'గాడ్, అలౌ మీ ప్లీజ్ టు ప్లే మ్యూజిక్'. సింగిల్‌గా విడుదల చేశారు, వీడియో కూడా ఉంది. పాట వచ్చి కొన్నేళ్ళయింది గానీ ఆ వీడియో ఈమధ్య మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కింద రెండు రకాల వ్యాఖ్యలు. ఒకటి, 'అస్తగ్‌ఫిరుల్లాహ్, హిజాబ్ వేసుకుని ఈ బేహయాయీ ఏమిటి?' రెండోది, 'మాషాల్లా, ముస్లిం అమ్మాయిలు ఎక్కడికి వెళ్ళారో చూడండి.' పాట విని రాసినట్టు రెంటిలో ఒక్కటీ లేదు.

నాకు మెటల్ చెవికెక్కదు, ఆ మాట ముందే చెప్పేస్తాను. ఉర్దూ మీడియం బడిలో బైత్‌బాజీ ఆడుతూ, రేడియోలో గజళ్ళు వింటూ పెరిగినవాణ్ణి. గిటారు శబ్దాన్ని కావాలనే గరగరలాడించి, డ్రమ్ముల్ని రెండు కాళ్ళతో దడదడలాడిస్తే నాకు తలనొప్పి వస్తుంది. కానీ ఈ సంగీతం పుట్టిన కథ తెలిశాక నా కోపం కొంత తగ్గింది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కార్ఖానాల ఊరు. టోనీ అయోమీ అనే కుర్రవాడికి ఇనప రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. వేళ్ళకు తొడుగులు చేసుకుని, తీగల బిగువు తగ్గించుకుని వాయించాడు. ఆ బరువైన ధ్వనితోనే 1970లో బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్ వచ్చింది. అంటే ఇది మజ్దూరుల ఇళ్ళలోంచి వచ్చిన సంగీతం. గారుత్ రైతుల పిల్లలకు అది తమ గొంతులా వినిపించిందంటే ఆశ్చర్యం ఏముంది?

వాళ్ళకు ఇది వినిపించింది స్కూల్లోని ఉస్తాదే. ఆయన కంప్యూటర్‌లో 'సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్' అనే బ్యాండు పాటలు దొరికాయి. ఆ బ్యాండులోని నలుగురూ ఆర్మీనియన్ మూలాలవాళ్ళు, తమ తాతముత్తాతల మీద జరిగిన ఖత్లేఆమ్ గురించి పాడినవాళ్ళు. అల్లరి పిల్లలుగా పేరుపడ్డ ముగ్గురిని ఆ ఉస్తాద్ శిక్షించలేదు, చేతికి వాయిద్యాలిచ్చాడు. మన పిల్లలకు అలాంటి ఉస్తాద్ ఎంతమందికి దొరుకుతాడు?

తరవాతి కథ మనం ఊహించగలిగిందే. స్కూలు పెద్దలు వద్దన్నారు. ఊళ్ళో గుసగుసలు. షైతాన్ సంగీతం అన్నారు. రిహార్సల్ నుంచి తిరిగి వస్తున్న మార్స్యా మీద రాయి కూడా విసిరారు. అన్నీ భరించిన ఆ పిల్ల నోటినుంచి వచ్చిన పాట ఇది. సారాంశం చెబుతాను: నేను ముజ్‌రిమ్‌ని కాను, ఎవరికీ దుష్మన్‌ని కాను, నా రూహ్‌లో ఉన్నది పాడుకోవాలని ఉంది, దానికి ఇజాజత్ ఇవ్వు అని.

ఇజాజత్ ఎవరిని అడుగుతోందో చూడండి. స్కూల్ ప్రిన్సిపాల్‌ని కాదు, మొహల్లా పెద్దల్ని కాదు, రాయి విసిరినవాణ్ణి అసలే కాదు. సూటిగా అల్లాహ్‌నే అడుగుతోంది. బగావత్ చేసే పిల్ల ఇజాజత్ అడగదు, 'నా ఇష్టం' అంటుంది. దీన్‌ని వదిలేసిన పిల్లకు ఖుదాతో పనేముంది? ఇది దువా. కాకపోతే చాలా గట్టిగా చేసిన దువా. మన వాట్సాప్ ముఫ్తీలు గోల విని ఆగిపోయారు, దువా దాకా వెళ్ళలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. సంగీతం హలాలా, హరామా? నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. అయినా ఇందులో ఇఖ్తిలాఫ్ ఉందని చెప్పడానికి ఆలిమ్ కానక్కర్లేదు. హరామ్ అనేవాళ్ళ దగ్గర దలీల్ ఉంది. వాయిద్యాలను హలాల్ చేసుకునే జనం గురించిన హదీసు సహీహ్ బుఖారీలోనే ఉంది. సూరహ్ లుఖ్మాన్‌లోని ఆరో ఆయత్‌ను కూడా అనేకమంది ముఫస్సిరీన్ పాటలకు వర్తింపజేశారు. నలుగురు ఇమాముల మజ్‌హబ్‌లలో ఎక్కువమంది ఫుఖహా వాయిద్యాల విషయంలో సఖ్తీగానే ఉన్నారు. దీన్ని దాచిపెట్టి 'ఇస్లాంలో అంతా ఓకే' అనే మోడరన్ మేధావుల మాట నాకు నచ్చదు.

అదే బుఖారీలో ఇంకో రివాయత్ కూడా ఉంది. ఈద్ రోజున హజ్రత్ ఆయిషా (ర.అ) ఇంట్లో ఇద్దరు అమ్మాయిలు పాడుతుంటే హజ్రత్ అబూబకర్ (ర.అ) మందలించబోయారు. రసూలుల్లాహ్ (స.అ.స) ఆయన్ను ఆపారు, ప్రతి ఖౌమ్‌కూ ఒక ఈద్ ఉంటుంది, ఇది మన ఈద్ అన్నారు. ఇబ్న్ హజ్మ్ సంగీతాన్ని జాయెజ్ అన్నాడు. ఇమామ్ గజాలీ 'ఇహ్యా'లో సమా మీద పెద్ద అధ్యాయమే రాశారు. చిష్తీ బుజుర్గుల దర్గాలలో ఖవ్వాలీ వందల ఏళ్ళుగా సాగుతోంది. ఉర్సుకు వెళ్ళి ఖవ్వాల్ ముందు నోట్లు చల్లి వచ్చినవాడు ఇంటికొచ్చి కూతురి గిటారు విరగ్గొడితే, అందులో నాకు దీన్ కనిపించడం లేదు.

'ఖవ్వాలీ వేరు, అక్కడ పాడేది మర్దులు, ఇక్కడ ఆడపిల్ల' అని మీరు అనొచ్చు. సరే, అదీ చూద్దాం. ఇండోనేషియాలోనే మరియా ఉల్ఫా అనే ఖారియా ఉన్నారు. ఆవిడ ఖిరాఅత్‌ను మర్దులూ ఔరతులూ కలిసి కూచుని వింటారు. అక్కడ ఖురాన్ తిలావత్ ముఖాబలాల్లో ఆడపిల్లలకు కూడా స్థానం ఉంది. 1975లో సెమరాంగ్ నగరంలో మొదలైన 'నసీదా రియా' అంతా ఆడవాళ్ళ బృందమే. తలలు కప్పుకునే వయొలిన్లూ గిటార్లూ వాయిస్తూ ఖసీదాలు పాడారు. ఆడదాని గొంతు బయట వినిపించకూడదనే మాట మన బర్రెసగీర్‌లో బిగుసుకున్నంతగా అక్కడ బిగుసుకోలేదు. దీన్ అక్కడా అదే, రివాజ్ వేరు. మనం రివాజ్‌ను దీన్ అనుకుని పిల్లల నెత్తిన రుద్దుతున్నామేమో, ఉలమా సాహెబులు ఆలోచించాలి.

అంత దూరం ఎందుకు, మన తెలుగు నేలకే రండి. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరంలో ఎంతటివారో సంగీతం తెలిసిన ప్రతివాడికీ తెలుసు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుబానీ, ఆయన బేగం కాలీషాబీ మహబూబ్. ఇద్దరూ పక్కపక్కన కూచుని నాదస్వరం వాయిస్తారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ఇచ్చారు. నాదస్వరం కంటే గుండెబలం అడిగే వాయిద్యం ఏముంది? దాన్ని ఒక ముస్లిం ఔరత్ వేల మంది ముందు ఊదుతోంది. మనలో ఎంతమంది ఇళ్ళలో ఆవిడ పేరు తెలుసు? అష్రాఫ్ ఇళ్ళలో 'వాళ్ళు దూదేకులోళ్ళు, వాళ్ళ సంగతి వేరు' అనే మాట నేను చెవులారా విన్నాను. సంగీతం మీద ఫత్వా వెనక జాతి పట్టింపు కూడా దాక్కుని ఉంటుందని ఆ రోజు అర్థమైంది.

ఇక మన షాదీల సంగతి. బరాత్‌లో రాత్రి ఒంటిగంట దాకా డీజే బాక్సులు, కిటికీ అద్దాలు అదిరిపోతాయి, పక్కింట్లో బీమార్ మనిషి ఉన్నా పట్టదు. హైదరాబాద్‌లో మర్ఫా లేనిదే కొన్ని షాదీలు కదలవు. కుర్రాళ్ళు కత్తులు తిప్పుతూ నాచ్ చేస్తుంటే ఖాజీ సాహెబ్ కూడా నవ్వుతూ చూస్తారు. అప్పుడు గుర్తురాని హదీసు ఆడపిల్ల చేతిలో గిటారు కనిపించగానే గుర్తొస్తుంది. హరామ్ అయితే ఇద్దరికీ హరామ్ కావాలి కదా భాయీజాన్!

ఆ రెండో రకం వ్యాఖ్యల మీదా నాకు షికాయత్ ఉంది. విదేశీ పత్రికలు ఈ బ్యాండు గురించి రాస్తే మొదటి వాక్యంలోనే హిజాబ్ వచ్చేస్తుంది. తలగుడ్డ, గిటారు, రెండూ కలిసినందుకు విడ్డూరం. తమ హిజాబ్ గురించి కాదు, సంగీతం గురించి అడగమని వాళ్ళు ఎన్ని ఇంటర్వ్యూలలో చెప్పినా అదే సవాల్. విదీ బేస్ తీగలను బొటనవేలితో కొట్టి పలికించే తీరు గురించి ఎవరూ అడగరు. 2022లో జర్మనీలోని వాకెన్ మెటల్ పండుగలో, 2024 జూన్‌లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీలో వాయించారు. గ్లాస్టన్‌బరీ ఎక్కిన మొదటి ఇండోనేషియా బ్యాండు వాళ్ళదే. అంత దూరం హిజాబ్ తీయకుండానే వెళ్ళారు. 2022లో కర్ణాటకలో మన బచ్చీలను కాలేజీ గేటు దగ్గర ఆపి హిజాబ్ తీస్తేనే చదువు అన్నప్పుడు మనమంతా 'అది ఆ పిల్ల మర్జీ' అన్నాం. సరిగ్గానే అన్నాం. ఆ మర్జీ గేటు దగ్గర ఉండి, ఇంటి గుమ్మం దగ్గర లేకుండా పోతుందా?

ఈ వీడియో గురించే కడప వైపు నుంచి ఒక సాహెబ్ ఫోన్ చేశారు. ఇంటర్ చదివే బేటీ ఈ పాట వింటోందట, గిటారు కావాలంటోందట. 'నమాజ్ మానేసిందా?' అని అడిగాను. 'లేదు భయ్యా, ఫజర్‌కు నన్నే లేపుతుంది' అన్నారు. 'మరి భయం దేనికి?' అంటే కాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా, 'రిష్తాలు రావు భయ్యా' అన్నారు. అదీ విషయం. హదీసు గురించి మొదలైన మాట రిష్తాల దగ్గర తేలింది. ఆ భయాన్ని నేను చిన్నచూపు చూడను. బిరాదరీలో కూతురున్న ప్రతి బాప్‌కూ అది ఉంటుంది, నాకూ ఉంది. కానీ ఆ భయాన్ని భయం అనే పేరుతోనే కూతురికి చెప్పాలి. దానికి హదీసు తొడుగు తొడిగితే, రేపు ఆ పిల్ల హదీసునే అనుమానిస్తుంది.

మీకు సంగీతం హరామ్ అనే యఖీన్ ఉంటే, ముందు ఇంట్లో బరాత్ డీజే మానండి, తరవాత బేటీని కూర్చోబెట్టి దలీల్‌తో చెప్పండి, ఆమె చెప్పేదీ వినండి అన్నాను. అంత యఖీన్ లేకపోతే మీ మస్జిద్ ఇమామ్ సాహెబ్‌తో పాటు ఇంకో ఆలిమ్‌ను కూడా అడగమన్నాను. అన్నిటికంటే ముందు ఆ పాటను పిల్ల పక్కన కూచుని ఒకసారి పూర్తిగా వినమన్నాను. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు. 'అర్థం బేటీనే చెబుతుంది లెండి, అడగండి' అన్నాను.

'ఇషా తరవాత చూస్తా' అని ఫోన్ పెట్టేశారు.