సాయంత్రానికి ఫోన్ చావకూడదంటే...

సాయంత్రం ఆరింటికి సైట్ బస్సు ఎక్కేసరికి మాలో సగం మంది ఫోన్లు చచ్చి ఉంటాయి. క్యాంపుకి చేరి, స్నానాల లైను దాటి, ఛార్జింగ్ బోర్డులో ఖాళీ దొరికేసరికి ఊళ్లో పిల్లలు నిద్రపోతారు. మొన్న మా జగిత్యాల తమ్ముడొకడికి, అమ్మని ఆస్పత్రిలో చేర్చిన కబురు మూడు గంటలు ఆలస్యంగా తెలిసింది.

ఫోన్లు పాతవే, కాదనం. కానీ బ్యాటరీని తాగేస్తున్నది మేం పంపే ఫోటోలు. షట్టరింగ్ అయినా, స్టీల్ కట్టినా, స్లాబు పోసినా ఫోటో తీసి ఆఫీసుకి పంపాలి. అదీ ఒరిజినల్ సైజులోనే. ఒక్కోటి 4 ఎంబీ, రోజుకి 40 అంటే 160 ఎంబీ. బేస్‌మెంట్‌లో సిగ్నల్ అంతంతమాత్రం కదా, అక్కడ ఫోన్ గొంతు చించుకుని అరవాలి. ఆ అరుపుకే ఖర్చంతా.

అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులిద్దరు 2003లోనే ఈ లెక్క తేల్చారు. గాలిలో ఒక్క బిట్ పంపడానికి పట్టే శక్తి, ప్రాసెసర్ ఒక లెక్క చేయడానికి పట్టేదానికి వెయ్యి రెట్లు దాటొచ్చట. అంటే కుదించి పంపితే లాభమే. అయితే కుదించే పద్ధతి సరైనది కాకపోతే ఉన్న ఖర్చు ఇంకా పెరుగుతుందని కూడా వాళ్లే చెప్పారు. మాలో ఒకాయనకి అదే అయింది. ఫోటోలన్నీ జిప్ చేశాడు. ఫోన్ వేడెక్కింది, సైజు మాత్రం దాదాపు అంతే. జేపీఈజీ ఫోటో కెమెరాలోనే కుదించుకుని వస్తుంది మరి. పిండిన బట్టని మళ్లీ పిండితే నీళ్లేం రాలతాయి? సాదా రాత ఫైళ్లకైతే జిప్ బాగానే పనిచేస్తుంది.

ఫోటోకి చేయాల్సింది సైజు తగ్గించడం. ఒక్కోటి 300 కేబీకి తెస్తే 40 ఫోటోలూ కలిపి 12 ఎంబీ. అవి కూడా విడివిడిగా వద్దు. పంపిన ప్రతిసారీ ఫోన్‌లో రేడియో మేల్కొంటుంది, పనైపోయాక కూడా కాసేపు పడుకోదు. మధ్యాహ్నం అన్నానికి పైకి వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి పంపేస్తే సరి.

రేపు బిల్లు దగ్గర తగాదా వస్తే ఒరిజినల్ కావాలిగా అంటారు ఆఫీసు వాళ్లు. ఆ మాటలో న్యాయం ఉంది. పగుళ్లు, కాంక్రీట్‌లో బొక్కలు కనిపించేవి ఒరిజినల్‌గానే పంపుతాం. మిగతావి మా ఫోన్లలోనే ఉంటాయి, రాత్రి క్యాంపులో ఛార్జింగ్‌లో పెట్టి పంపుతాం.

అదీ కుదరదంటే సైట్ క్యాబిన్‌లో పది ప్లగ్గులు ఇప్పించండి. వైరింగ్ మేమే చేసుకుంటాం.